బోర్డు అనే మాట

"మీదే ఊరు? మీవాళ్ళెవరు?"

ఆస్ట్రేలియా వచ్చి ఆరేళ్ళయింది. అప్పటిదాకా ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. న్యూ సౌత్ వేల్స్ లోపలి భాగంలో, విరాజురి ప్రజల నేల మీద ఉన్న ఒక చిన్న ఊళ్ళో, అబోరిజినల్ (ఆదివాసీ) ఆరోగ్య కేంద్రం వంటగదిలో బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురు పెద్దావిడలు, ఒక పెద్దాయన అడిగారు. ఆ కేంద్రాన్ని నడిపే బోర్డులో చేరడానికి అది నా ఇంటర్వ్యూ. సీపీఏ అనే అకౌంటెంటు సర్టిఫికెట్లు పెట్టుకున్న ఫైలు నా ఒళ్ళోనే ఉంది, తెరవమని ఎవరూ అనలేదు.

వాళ్ళ ఇంగ్లీషులో ఆ ప్రశ్న "హూ ఈజ్ యువర్ మాబ్" అని వస్తుంది. మాబ్ అంటే అక్కడ మనవాళ్ళు, మన రక్తం, మన ఊరు. మా అమ్మమ్మ కొత్త మనిషి గుమ్మంలోకి రాగానే "ఏ ఊరోళ్ళమ్మా, ఇంటిపేరేంటి" అని అడిగే ప్రశ్నే అది. కాబట్టి మొహమాటం లేకుండా చెప్పాను. పార్వతీపురం. నాన్న సీతంపేట వైపు ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు. సెలవుల్లో ఆయన వెంట వెళ్ళేదాన్ని. సవరలు, జాతాపులు తెల్లారకముందే కొండ దిగి వచ్చి వరండాలో కూర్చునేవారు. ఏ డాక్టరు వస్తాడో, ఏ మందు వస్తుందో, ఏ రోజు సెలవో అన్నీ ఎక్కడో తేలి వచ్చేవి. "మీకేం కావాలి" అని ఆ వరండాలో కూర్చున్నవాళ్ళని అడిగిన మనిషిని నేను ఒక్కసారీ చూడలేదు. ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన తల పైకెత్తి, "ఇక్కడ వరండాలో కూర్చున్నవాళ్ళే బోర్డు" అన్నారు.

నేను ఆ బోర్డులో ఎలా చేరాను, చేరాక ఏం జరిగింది అన్నది రాద్దామనే ఇది. ఆస్ట్రేలియా చిన్న ఊళ్ళలో ఇప్పుడు మనవాళ్ళు చాలామంది స్థిరపడుతున్నారు. డాక్టర్లు, నర్సులు, అకౌంటెంట్లు. వాళ్ళలో కొందరికైనా ఇలాంటి పిలుపు వస్తుంది.

ముందు ఈ సంస్థలంటే ఏమిటో. 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో ఒక దుకాణం గదిలో అబోరిజినల్ మెడికల్ సర్వీస్ మొదలైంది. ఆసుపత్రుల్లో తమని మనుషులుగా చూడటం లేదని, చాలామంది అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళడమే మానేశారని చూసి, అక్కడి అబోరిజినల్ జనమే దాన్ని తెరిచారు. జనమంతా మమ్ షర్ల్ అని పిలుచుకున్న షిర్లీ స్మిత్ వాళ్ళలో ఒకరు. కంటి డాక్టరు ఫ్రెడ్ హాలోస్‌లాంటివాళ్ళు జీతం లేకుండా వచ్చి పనిచేశారు. డాక్టర్లు బయటివాళ్ళయినా పెత్తనం మాత్రం వీధిదే. రెండేళ్ళకి మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్‌లో, ఆ తర్వాత ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇలాంటివే వచ్చాయి. ఇప్పుడు దేశమంతటా 140కి పైగా ఉన్నాయి, వాటన్నిటికీ నాచో అనే జాతీయ సంఘం ఉంది. ప్రతి చోటా మూలసూత్రం ఒకటే. కేంద్రాన్ని వాడుకునే జనం తమలోంచి బోర్డును ఎన్నుకుంటారు, ఆ బోర్డు సీఈఓని నియమిస్తుంది, సీఈఓ డాక్టర్లతో సహా మిగతావాళ్ళందరినీ నియమిస్తారు.

మా కేంద్రం కాట్సీ చట్టం కింద రిజిస్టరయింది. అబోరిజినల్, టోరెస్ జలసంధి ద్వీపాల ప్రజల సంస్థల కోసం 2006లో చేసిన చట్టం అది, 2007 జులై 1 నుంచి అమలవుతోంది. ఓరిక్ అని పిలిచే రిజిస్ట్రార్ కార్యాలయం దాన్ని చూసుకుంటుంది. సంస్థ నియమావళిని అందరూ రూల్ బుక్ అంటారు. బోర్డులో కూర్చునే డైరెక్టర్లలో ఎక్కువమంది అబోరిజినల్ లేదా టోరెస్ జలసంధి ద్వీపవాసులే అయి ఉండాలి. సీఈఓ చైర్‌పర్సన్ కాకూడదు. మెంబర్లు కాని డైరెక్టర్లను ఒకరిద్దరిని ఏదైనా నైపుణ్యం కోసం తీసుకోవచ్చని రూల్ బుక్‌లో రాసుకుంటే తీసుకోవచ్చు. నేను ఆ వాకిట్లోంచి వచ్చినదాన్ని. లెక్కలు చూడటానికి, ఏడాది గడువుతో.

కాగితాల పని పెద్దగా ఏమీ లేదు. డైరెక్టర్ ఐడీ నంబరు తీసుకోవాలి. డైరెక్టరుగా ఉండటానికి ఒప్పుకుంటున్నానని, అనర్హతలేవీ లేవని సంతకం పెట్టాలి. పోలీసు తనిఖీ. ఓరిక్ వాళ్ళ ఉచిత పాలనా శిక్షణకి మిగతా డైరెక్టర్లతోపాటు వెళ్ళాను. అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే. సంస్థ గాడి తప్పితే రిజిస్ట్రార్ ప్రత్యేక నిర్వాహకుణ్ణి నియమించి బోర్డును పక్కన పెట్టగలరు. ఆ పాఠం చెబుతున్నప్పుడు గదిలో అందరి మొహాలూ బిగుసుకున్నాయి. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తిరుగు ప్రయాణంలో మా చైర్‌పర్సన్ ఆంటీ నా కారులో కూర్చున్నారు. ఇక్కడ పెద్దవాళ్ళని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. మనం పక్కింటావిడని పిలిచినట్టే, కాకపోతే ఆ పిలుపు సంపాదించుకోవాల్సిన గౌరవం. గంటసేపు ఆవిడ ఏమీ మాట్లాడలేదు. నది వంతెన దాటుతుండగా రెల్లు దుబ్బుల వైపు చూపించి చెప్పారు.

"మా చిన్నప్పుడు బోర్డు వస్తోందంటే అమ్మ మమ్మల్ని అక్కడ దాచేది."

న్యూ సౌత్ వేల్స్‌లో 1883 నుంచి అబోరిజినల్ రక్షణ బోర్డు ఉండేది. 1940లో దాని పేరు సంక్షేమ బోర్డు అయింది, 1969లో గానీ రద్దు కాలేదు. ఎవరు ఎక్కడ బతకాలో, ఎవరి కూలి డబ్బు ఎవరి చేతికి పోవాలో అదే చెప్పేది. 1915 నుంచి కోర్టు ముఖం చూడకుండానే తల్లిదండ్రుల దగ్గర్నుంచి పిల్లల్ని తీసుకుపోయే అధికారం కూడా దానికి ఉండేది. ఆడపిల్లల్ని ఇళ్ళల్లో పనిమనుషులుగా తయారుచేసే కూటమండ్రా హోమ్ ఈ విరాజురి నేల మీదే ఉండేది. ఆంటీ వాళ్ళక్క అక్కడికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఇంట్లోవాళ్ళకి ఆమె, ఆమెకి ఇంట్లోవాళ్ళు కొత్తవాళ్ళయిపోయారు.

"ఆ మాట మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. ఇప్పుడు నేనే బోర్డుని" అన్నారు ఆంటీ. నేను బండి నడుపుతూ ఉండిపోయాను. శిక్షణలో ఆ మొహాలు ఎందుకు బిగుసుకున్నాయో అప్పుడు తెలిసింది. బోర్డును పక్కన పెట్టడమంటే నాలాంటి అకౌంటెంటుకి ఒక చట్టపరమైన చర్య. వాళ్ళకి, పగ్గాలు మళ్ళీ ఊరి చేతుల్లోంచి పోవడం.

మొదటి మీటింగ్‌కి పద్నాలుగు పేజీల ఆర్థిక నివేదిక తయారుచేసుకుని వెళ్ళాను. రెండు రాత్రులు కూర్చుని చేసింది. నేను చెప్పినంతసేపూ అందరూ శ్రద్ధగా విన్నారు. అయ్యాక ఇంటర్వ్యూలో ఉన్న పెద్దావిడ ఒకరు బ్యాంకు నిల్వ అంకె మీద వేలు పెట్టి, "ఇందులో మనది ఎంత?" అన్నారు.

దానికి జవాబు నా పద్నాలుగు పేజీల్లో లేదు.

ఇలాంటి సంస్థల డబ్బు సంగతి తెలిస్తే ఆ ప్రశ్న ఎంత లోతైనదో తెలుస్తుంది. వచ్చే సొమ్ములో పెద్ద భాగం ప్రభుత్వ గ్రాంట్లు. తల్లీబిడ్డలకొకటి, చక్కెర జబ్బుకొకటి, మనసు కుదురుకొకటి. ప్రతి గ్రాంటుకీ ఒక ఒప్పందం, ఒక గడువు. ఆ పనికే ఖర్చు పెట్టాలి, మిగిలితే అనుమతి తీసుకుని వచ్చే ఏటికి మోసుకెళ్ళాలి, లేదంటే తిరిగి ఇవ్వాలి. మన బీరువాలో ఉన్నంత మాత్రాన అది మన సొమ్ము కాదు, ఎవరో దాచమని ఇచ్చిన నగలాంటిది. కేంద్రం తన ఇష్టప్రకారం వాడుకోగలిగేది ప్రధానంగా మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా రాబడి. మా డాక్టర్లు చూసిన ప్రతి మనిషికీ, అబోరిజినల్ వాళ్ళ కోసం 715 అనే ఐటెం కింద ఏటా చేసే పూర్తి ఆరోగ్య పరీక్షకీ ప్రభుత్వం చెల్లించే డబ్బు అది. మీటింగ్ బల్ల మీద పెట్టిన అంకె పెద్దదే. అందులోంచి ఖర్చు కాని గ్రాంట్లు, సిబ్బంది సెలవుల బాకీ, జులైలో కట్టాల్సిన బిల్లులు తీసేస్తే మిగిలింది ఆరు వారాల జీతాలకి సరిపడా. అంతే.

పద్నాలుగు పేజీలు పక్కన పెట్టి రెండు పేజీలు చేశాను. మొదటి లైను "ఇందులో మనది ఇంత." రెండో లైను "దీంతో కొత్త డబ్బు రాకపోయినా ఇన్ని వారాలు నడుస్తాం." ఆ తర్వాత ఒక్కో గ్రాంటు పేరు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, గడువెప్పుడు. ఇప్పటికీ ఆ రూపమే నడుస్తోంది. చదువు తక్కువ ఉన్నవాళ్ళ కోసం తేలిక చేశానని ఒకరు మెచ్చుకోబోయారు. అది తప్పు మాట. నేను నాకే తెలియని సంగతిని పద్నాలుగు పేజీల్లో కప్పాను, ఆవిడ తెరిచారు.

మూడో మీటింగ్‌లో వ్యాను గొడవ వచ్చింది. రోగుల్ని ఇంటి దగ్గర ఎక్కించుకుని తీసుకొచ్చే వ్యాను ఖర్చు రాబడి లేని ఖర్చు. ట్రిప్పులు సగం చేద్దామని ప్రతిపాదించాను. ఎవరూ వాదించలేదు. చైర్‌పర్సన్ ఆంటీ మాత్రం "గురువారం పొద్దున ఆరింటికి వచ్చి ఎక్కు" అన్నారు.

జులై నెల, గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. డ్రైవరు డాష్‌బోర్డు మీద రబ్బరు బ్యాండు వేసిన నోటుపుస్తకం పెట్టుకున్నాడు. ఒక్కో పేరు కింద పెన్సిలుతో రాతలు. వెనక తలుపు కొట్టాలి. కుక్క ఉంది. కళ్ళజోడు గుర్తుచెయ్యి. హారన్ కొట్టొద్దు. ఎందుకు కొట్టకూడదని అడిగాను. "ఆ తరం వాళ్ళకి గేటు ముందు కారు ఆగి హారన్ కొడితే గుండె జారిపోతుంది" అన్నాడు. డయాలిసిస్‌కి వెళ్ళే ముగ్గుర్ని ఎక్కించుకున్నాం, పెద్దాసుపత్రి ఉన్న ఊరికి గంటన్నర ప్రయాణం. మూడో ఇంట్లోని తాతగారు బయటికి రావడానికి పావుగంట పట్టింది. డ్రైవరు ఇంజను ఆపి, మెట్ల దగ్గర నిలబడి, ఆయన వచ్చి చెయ్యి చాపేదాకా ఆగాడు. దారిలో వెనక సీట్లోంచి ఒకావిడ మనవడికి చెవిలో చీము కారుతోందని మాటవరసకి అంది. డ్రైవరు బండి పక్కకి ఆపి క్లినిక్‌కి ఫోన్ చేశాడు. తొమ్మిదింటికల్లా ఆ పిల్లాడి కోసం ఇంటికి ఇంకో బండి వెళ్ళింది.

విరాజురిలో యిండ్యమర్ర అనే మాట ఉంది. గౌరవం అని అనువదిస్తారు గానీ, నిదానంగా, మెత్తగా, అవతలి మనిషికి తగ్గట్టు చేయడం అన్న అర్థమంతా అందులో ఉంది. నేను విన్న నిర్వచనాలన్నిటికంటే ఆ మెట్ల దగ్గర పావుగంట నాకు బాగా గుర్తుంది. వచ్చే మీటింగ్‌లో నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, మినిట్స్‌లో రాయించాను. "ఇతర ఖర్చులు" కింద ఉన్న వ్యానుని "వైద్య సేవలు" కిందికి మార్చాలని కూడా చెప్పాను.

అక్కడే ఒక తప్పు చేశాను. మీటింగ్ అయ్యాక ఆ మార్పు చేయమని అకౌంట్స్ అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు సీఈఓ నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. "నువ్వు చెప్పింది సరైనదే. కానీ ఇవాళ నువ్వు, రేపు ఇంకో డైరెక్టరు వాళ్ళ మేనల్లుడి అపాయింట్‌మెంట్ కోసం రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే నేను ఆపలేను." బోర్డు చేతిలో ఉన్న ఉద్యోగి సీఈఓ ఒక్కరే. ఏదైనా ఆవిడ ద్వారానే. ఊళ్ళో అందరూ అందరికీ బంధువులైనచోట ఈ గీత ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

బంధుత్వాల సంగతి వచ్చింది కాబట్టి. బయటివాళ్ళు ఈ సంస్థల గురించి మొదట అనేది "అంతా చుట్టాలేగా" అని. నేనూ లోపల అదే అనుకుంటూ చేరాను. ఒక కార్యక్రమం కాంట్రాక్టు విషయం బల్ల మీదికి వచ్చినరోజు, దరఖాస్తు పెట్టినవాళ్ళలో ఒకరు తన చెల్లెలి కొడుకని అంకుల్ చెప్పి లేచారు. ఇంకొకావిడ తన కోడలి తమ్ముడని లేచారు. ఇద్దరూ బయట కుర్చీల్లో కూర్చున్నారు. మూడో ఆయన కూడా లేస్తే కోరం పోతుంది. ఆయన లేచారు. అంశం వాయిదా పడింది, తర్వాతి మీటింగ్‌లో బయటి సలహా తీసుకుని తేల్చారు. వ్యక్తిగత ప్రయోజనం ఉంటే చెప్పాలి, చర్చలో కూర్చోకూడదు, ఓటెయ్యకూడదు అని చట్టం చెబుతుంది. కానీ వాళ్ళు లేచిన తీరు చట్టం భయంతో లేచినట్టు లేదు. రాసుకుని లేచి వెళ్తే రేపు సంతలో ఎవరి కళ్ళలోకైనా చూడొచ్చు. నేను పనిచేసిన పెద్ద కంపెనీల్లో చుట్టరికాలు లేవని కాదు, వాటికి రిజిస్టరు ఉండేది కాదు.

నిజంగా కష్టమనిపించింది నిధులిచ్చేవాళ్ళతో. ఒక శాఖ మా ఒప్పందం పొడిగింపు, ఆర్థిక సంవత్సరం ముగిసే జూన్ ఆఖరి వారం దాకా తేల్చలేదు. ఆ నెలలో మంచి నర్సు ఒకామె ఇల్లు అద్దె కట్టాలి కదా అంటూ వేరే ఊరికి వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళు పట్టిన నమ్మకం ఆమెతో పోయింది. అబోరిజినల్ ప్రజలకీ మిగతావాళ్ళకీ మధ్య అంతరం తగ్గించడానికి 2020 జులైలో కుదిరిన క్లోజింగ్ ద గ్యాప్ జాతీయ ఒప్పందంలో ప్రజల చేతుల్లోని సంస్థల్ని బలపరచడం ఒక ముఖ్య సంస్కరణ అని ప్రభుత్వాలన్నీ సంతకం పెట్టాయి. ఆ సంతకం విలువ జూన్ నెలలో తెలుస్తుంది. ఏడాదికోసారి ప్రాణం బిగబట్టుకునే సంస్థ ఎవరికీ అయిదేళ్ళ భరోసా ఇవ్వలేదు. ఈ మాట మా బోర్డు తరఫున ఉత్తరంగా రాశాను, మళ్ళీ రాస్తాను.

నవంబరులో వార్షిక సర్వసభ్య సమావేశం. ఆర్థిక సంవత్సరం ముగిసిన అయిదు నెలల్లోపు, అంటే నవంబరు 30లోగా పెట్టాలి. 21 రోజుల ముందు నోటీసులు పంపాం. హాలు, ఆడిటరు, అన్నీ సిద్ధం. తొమ్మిది రోజులుందనగా నాతో "ఇందులో మనది ఎంత" అన్న పెద్దావిడ పోయారు. వాళ్ళ పద్ధతిని గౌరవించి ఇక్కడ పేరు రాయడం లేదు.

సారీ బిజినెస్ అంటారు దాన్ని. ఊరు ఆగిపోతుంది. ఎక్కడెక్కడి బంధువులో వస్తారు, అంత్యక్రియలకి వారాలు పట్టొచ్చు. మన ఇళ్ళల్లో మైల పాటించే రోజుల్లో శుభకార్యం పెట్టుకోం కదా, అది నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. గడువులోపు రిజిస్ట్రార్‌కి పొడిగింపు కోరుతూ దరఖాస్తు పెట్టాం. కారణం అనే గడిలో "మా డైరెక్టరు, మా పెద్ద దిక్కు మరణించారు" అని ఆంటీ చెప్పగా నేను టైపు చేశాను. పొడిగింపు వచ్చింది.

డిసెంబరులో సమావేశం జరిగింది. హాలు బయట సాసేజీలు కాలుతున్నాయి, పెనం మీద జానీ కేకులు. మన దిబ్బరొట్టెకి దూరపు చుట్టంలా ఉంటాయి. పిల్లలు కుర్చీల మధ్య పరుగులు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి దాని మీద శాలువా కప్పారు. నా రెండు పేజీలు అందరికీ పంచారు. ఒకాయన లేచి "డాక్టరు ఎందుకు ఊరికే మారిపోతున్నాడు" అని సీఈఓని ఇరవై నిమిషాలు నిలదీశారు. ఇంకొకాయన నా వైపు చూపిస్తూ, "ఈ ఇండియన్ ఆవిడకి మన బోర్డులో ఏం పని?" అన్నారు.

ఆ ప్రశ్న ఆయన హక్కు. నేను లేవబోయాను. ఆంటీ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, "లెక్కలు చూస్తుంది. ఏడాదికి పెట్టుకున్నాం. అక్కర్లేదనుకున్నరోజు మనమే పంపించేస్తాం" అని చెప్పారు. ఆయన తలూపి కూర్చున్నారు. నాకు అంతకంటే మంచి పరిచయం ఎవరూ చేయలేదు.

ఆఖరి అంశం రూల్ బుక్‌లో మార్పు. బోర్డు మొత్తం ఒకేసారి మారకుండా, ఏటా సగం మంది పదవీకాలం ముగిసేలా. పోయిన పెద్దావిడ రెండేళ్ళుగా అడుగుతున్న మార్పు అది. ప్రత్యేక తీర్మానం కాబట్టి పడిన ఓట్లలో కనీసం 75 శాతం రావాలి. నేను మెంబర్ని కాను, ఆ హాల్లో చెయ్యెత్తే హక్కు నాకు లేదు. అందుకే చేతులు లెక్కపెట్టే పని నాకు ఇచ్చారు.

చేతులు లేచాయి. ముడతలు పడిన చేతులు, పచ్చబొట్లున్న చేతులు, ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతుంటే సగమే లేచిన ఒక చెయ్యి. వరస వరసా నడిచి లెక్కపెట్టాను. "నలభై ఒకటి" అన్నాను.

"మళ్ళీ లెక్కపెట్టమ్మా, నిదానంగా" అన్నారు ఆంటీ.

మొదటి వరస నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.